నోరు చూడండి, మీసాలు లెక్కపెట్టండి: ఏటి చేపల్లో ఒకదాన్ని పోలిన మరొకదాన్ని గుర్తుపట్టడం ఎలా

గాలానికి పడిన చేపకు గట్టు మీద పేరు పెట్టడం చాలా తేలిక. రెండు కిలోల వెండిరంగు చేప పైకి రాగానే ఒకరు శీలావతి అంటారు, పక్కనున్నవారు మోసు అంటారు, వెనక నిలబడి చూస్తున్న పెద్దమనిషి బొచ్చెపిల్ల అని తీర్పు చెప్పేస్తారు. ముగ్గురూ చూసింది రంగు, పొడవు. చేపను గుర్తుపట్టడానికి అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేవి ఆ రెండే.

రంగు నీటిని బట్టి మారుతుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు పట్టిన చేప పాలిపోయి ఉంటుంది. అదే జాతి చేపను నాగార్జునసాగర్ తేటనీటిలో పడితే వీపు నల్లగా, పొలుసులు మెరుస్తూ కనిపిస్తాయి. చచ్చిన అరగంటకే ఎరుపు, నారింజ ఛాయలు వెలిసిపోతాయి. ఇక పొడవు అంటారా, ప్రతి పెద్ద చేపా ఒకప్పుడు చిన్న చేపే. మారనివి నోటి తీరు, మీసాలు, వీపు రెక్క, పొలుసుల వరుస. వీటిని ఒక క్రమంలో చూడటం అలవాటైతే మన నదుల్లో గాలానికి పడే చేపల్లో చాలావాటికి నిమిషంలో పేరు చెప్పవచ్చు.

ఈ మార్గదర్శి గోదావరి, కృష్ణా నదుల్లోనూ, వాటి కాలువల్లో, జలాశయాల్లోనూ దొరికే చేపల గురించి. ఊరూరికీ పేర్లు మారుతాయి. ఒక ఊరి గండుమీను పక్క జిల్లాలో మరొకటి కావచ్చు. అందుకని ముఖ్యమైన చోట్ల శాస్త్రీయ నామం కూడా ఇస్తున్నాను.

ఇంత గందరగోళం ఎలా వచ్చింది

పూర్వం ఏటిలో ఏ చేప ఉంటుందో గట్టు మీది వాళ్లకు తెలిసేది. ఇప్పుడు ఏ నదిలో ఏది పడుతుందో చెప్పలేం. బయటి చేపలు చాలా వచ్చి చేరాయి. బంగారుతీగ (కామన్ కార్పు) జర్మనీ రకం 1939లో సింహళం నుంచి నీలగిరులకు వచ్చింది, 1957లో బ్యాంకాక్ నుంచి మరో రకం కటక్‌కు వచ్చింది. తిలాపియా 1952లోనూ, గడ్డిచేప (గ్రాస్ కార్పు), వెండిచేప (సిల్వర్ కార్పు) 1959లోనూ దేశంలోకి వచ్చాయి. 1957లోనే కటక్‌లో మత్స్యశాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, అలీకున్హిల బృందం పీయూష గ్రంథి రసాన్ని ఎక్కించి బొచ్చె, శీలావతి, మోసు వంటి మన కార్పు చేపల చేత గుడ్లు పెట్టించింది. అప్పటి నుంచి చేపపిల్ల హేచరీలో (గుడ్లు పొదిగించే కేంద్రంలో) తయారయ్యే సరుకైంది. కొల్లేరు చుట్టూ చెరువులు నిండాయి. తెలంగాణలో ప్రభుత్వమే చెరువుల్లో, జలాశయాల్లో ఏటా చేపపిల్లలను వదులుతోంది. వరదకు గట్టు తెగితే, అలుగు పారితే అవన్నీ నదిలోకే చేరతాయి.

కాబట్టి గాలానికి పడింది స్థానిక చేపా, చెరువు నుంచి తప్పించుకున్నదా, విదేశీదా, సంకరమా అన్నది నిజంగా వేసుకోవలసిన ప్రశ్నే. ధర మారుతుంది, రుచి మారుతుంది, కొన్నిటి ముల్లు గుచ్చుకుంటే ఆసుపత్రి దాకా వెళ్లాల్సి వస్తుంది. తిరిగి నీటిలో వదలాలా వద్దా అన్నది కూడా పేరు మీదే ఆధారపడుతుంది.

మొదటి పని: చేపను చూడటానికి వీలుగా పట్టుకోవడం

చేతులు తడి చేసుకుని పట్టుకోండి. పొడి చేతులతో, పొడి గుడ్డతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. అలాంటి చేపను వదిలినా బతకడం కష్టం. కానీ చేతిలోకి తీసుకునే ముందే ఒక్కటి చూడండి: ఒంటి మీద పొలుసులు ఉన్నాయా, లేవా? పొలుసులు లేకుండా నున్నగా, పొడవాటి మీసాలతో ఉంటే అది జెల్ల, వాలుగ, మార్పు, ఇంగిలాయి కుటుంబాల్లోది. అక్కడే ఆగి, దానికి సంబంధించిన భాగం చదివాకే చెయ్యి పెట్టండి.

పొలుసులు ఉన్న చేపనైతే తడి గోనెపట్టా మీద తల ఎడమవైపు ఉండేలా పడుకోబెట్టండి. మూడు ఫోటోలు తీస్తే చాలు. ఒంటి మొత్తం పక్క నుంచి ఒకటి, నోటిని కింది నుంచి దగ్గరగా ఒకటి, వీపు రెక్కను వేలితో నిలబెట్టి ఒకటి. పక్కన స్కేలో, అగ్గిపెట్టో పెట్టండి. చాలామంది చేపను రెండు చేతులతో ముందుకు చాచి నవ్వుతూ ఫోటో దిగుతారు. అందులో చేప రెండింతలు కనిపిస్తుంది, నోరు మాత్రం కనిపించదు. ముచ్చటకు అదీ తీసుకోండి, గుర్తింపుకు మాత్రం పనికిరాదు.

రెక్కల పేర్లలో తడబాటు లేకుండా ముందే చెబుతాను. మొప్పల వెనక చెంప రెక్కలు, కడుపు కింద పొట్ట రెక్కలు, ఆసనం వెనక అడుగు రెక్క, పైన వీపు రెక్క, చివర తోక రెక్క. రెక్కను నిలబెట్టే సన్నని పుల్లలను ఈనెలు అందాం.

రెండో పని: నోరు

చేప ఎక్కడ మేస్తుందో నోరు చెబుతుంది. పై నీటిలో మేసేదానికి నోరు పైకి తిరిగి ఉంటుంది. నేల మీద బురద నాకేదానికి కిందికి తిరిగి ఉంటుంది. మన కార్పుల్లో సగం తగవు ఇక్కడే తీరిపోతుంది.

బొచ్చె (లేబియో కాట్లా) నోరు వెడల్పుగా, పైకి తెరుచుకుని ఉంటుంది. కింది దవడ ముందుకు పొడుచుకు వస్తుంది. తల ఒంటికి మించినంత పెద్దది. పై పెదవి ఉందా లేదా అన్నట్టుంటుంది. నీటి పైభాగంలో జంతుప్లవకాలను (నీటిలో తేలాడే సూక్ష్మ జీవులను) వడగట్టుకుని తినే చేప ఇది. దీన్ని శీలావతి అనుకోవడానికి కారణం ఒక్కటే, నోరు చూడకపోవడం.

శీలావతి లేదా రోహు (లేబియో రోహిటా) నోరు చిన్నది, కాస్త కిందికి వంగి ఉంటుంది. పెదవులు దళసరిగా ఉంటాయి. కింది పెదవిని వేలితో కొద్దిగా లాగి చూస్తే అంచు సన్నని కుచ్చులుగా చీలి ఉంటుంది. ఆ కుచ్చు అంచు దీనికి ముఖ్యమైన గుర్తు.

మోసు లేదా మ్రిగాల (సిర్రైనస్ మ్రిగాలా) నోరు అడ్డంగా, వెడల్పుగా, కింది వైపుకు ఉంటుంది. ముట్టె మొద్దుగా ఉంటుంది. పై పెదవి అంచు నున్నగా, ఏ కుచ్చూ లేకుండా ఉంటుంది. కింది పెదవి విడిగా కనిపించదు. కొన్ని ప్రాంతాల్లో ఎర్రమోసు అంటారు. పొట్ట రెక్కలు, అడుగు రెక్క అంచుల్లో నారింజ ఛాయ ఉన్నందుకు ఆ పేరు వచ్చి ఉండవచ్చుగానీ ఆ ఛాయను నమ్ముకోకండి, శీలావతి రెక్కల్లోనూ ఎరుపు ఉంటుంది.

శీలావతికీ, మోసుకూ తేడా అడిగేవాళ్లే ఎక్కువ. ఒంటి తీరులో మోసు మరింత పొడవుగా, సన్నగా ఉంటుందన్నది నిజమే. కానీ మేత లేక బక్కచిక్కిన శీలావతి కూడా అలాగే ఉంటుంది. పెదవి మీద వేలు పెట్టండి: కుచ్చు ఉంటే శీలావతి, నున్నగా ఉంటే మోసు. ఇంతకన్నా తేలికైన పరీక్ష నాకు తెలియదు.

మూడో పని: మీసాలు

ఇక్కడ ఓపిక కావాలి. కార్పు చేపల మీసాలు జెల్ల మీసాల్లా వేలాడవు. కొన్ని పెదవి మూలలో గాడిలో దాక్కుని ఉంటాయి. అగ్గిపుల్లతోనో, గడ్డిపోచతోనో గాడిని మెల్లగా కదిపి చూడాలి. నోటి లోపల నీళ్లు చల్లితే మీసం తేలుతుంది.

బొచ్చెకు మీసాలు లేవు. శీలావతికి నోటి మూలల్లో ఒక జత పొట్టి మీసాలు గాడిలో దాగి ఉంటాయి. మోసుకూ ఒక జతే, అయితే అవి ముట్టె చివర పై పెదవి దగ్గర ఉంటాయి. నల్లగండుమీను (లేబియో కాల్బాసు)కు రెండు జతలు, అవీ నల్లగా స్పష్టంగా కనిపిస్తాయి. దాని పెదవులూ శీలావతి పెదవుల్లాగే కుచ్చులుగా ఉంటాయి. అందుకే లేతరంగు నల్లగండుమీనును శీలావతి అనుకుంటారు. రెండు జతల మీసాలు కనిపించాక ఇక వాదన అక్కర్లేదు.

దక్షిణాది నదుల సొంత చేప గండుమీను (లేబియో ఫింబ్రియేటస్) ఇంకో చిక్కు. కుచ్చు పెదవులు, రెండు జతల చిన్న మీసాలు, పొలుసుల మీద ఎర్రని మచ్చ. శీలావతితో కలిపి అమ్మితే ఎవరూ పట్టుకోలేరు. దీని వీపు రెక్క శీలావతి రెక్కకన్నా పొడవైనది, ఎక్కువ ఈనెలు ఉన్నది. అక్కడికే వెళ్దాం.

నాలుగో పని: వీపు రెక్క

రెక్క ముందు భాగంలో చీలని ఈనెలు రెండు మూడు పొట్టిగా ఉంటాయి. వాటిని వదిలేసి, చివర రెండుగా చీలిన ఈనెలనే లెక్కపెట్టాలి. ఎదురు వెలుతురులో పట్టుకుంటే చీలిక తెలుస్తుంది. ఫోటో ఉంటే ఇంటికి వచ్చాక పెద్దది చేసుకుని నింపాదిగా లెక్కించవచ్చు.

శీలావతికి ఈ ఈనెలు 12 నుంచి 14, మోసుకు 12 లేదా 13, బొచ్చెకు 14 నుంచి 16. వీటి మధ్య అంకెలు కలిసిపోతాయి కనుక ఈ మూడింటినీ విడదీయడానికి రెక్క అంతగా సాయపడదు. కానీ మిగతావాటి దగ్గర ఇదే బ్రహ్మాస్త్రం. గండుమీనుకు 15కు పైగా ఉంటాయి. బంగారుతీగకు 17 నుంచి 22 దాకా ఉండి రెక్క వీపు సగం దాటి సాగుతుంది. గడ్డిచేపకు ఏడెనిమిదే. అంటే రెక్క చూడటానికే పొట్టిగా, వీపు మధ్యలో చిన్న జెండా నిలబెట్టినట్టు ఉంటుంది.

గడ్డిచేపను (టీనోఫారింగోడాన్ ఐడెల్లా) మోసుగా పొరబడటం సర్వసాధారణం. రెండూ పొడవాటి గుండ్రని ఒళ్లు, వెండిరంగు, పెద్ద పొలుసులు. గడ్డిచేపకు మీసాలు లేవు, తల వెడల్పు, వీపు రెక్క పొట్టి. పొలుసు ప్రతిదానికీ నల్లని అంచు గీసి ఉంటుంది. ఈ నాలుగింటిలో రెక్క ఒక్కటి చూసినా చాలు.

బంగారుతీగ (సిప్రినస్ కార్పియో) విషయంలో ఇంకో పోలిక ఉంది. దీనికి రెండు జతల మీసాలు, వీపు రెక్క మొదట్లో వెనక వైపు రంపపు పళ్లున్న గట్టి ముల్లు. ఇవే రెండు లక్షణాలు మన పరిగె జాతిలో పెద్దదైన సిస్టోమస్ సరానాకూ ఉన్నాయి. పావుకిలో చేప చేతిలో ఉన్నప్పుడు ఏది ఏదో తెలియక తికమకపడతారు. సరానా వీపు రెక్కలో చీలిన ఈనెలు ఎనిమిదే. పక్క గీత (ఒంటి మధ్యగా సాగే చుక్కల గీత) మీది పొలుసులూ పెద్దవి, ముప్ఫై అటూ ఇటూ. బంగారుతీగ అయితే పొడవాటి రెక్కతో పాటు అడుగు రెక్క ముందూ రంపపు ముల్లు ఉంటుంది. బంగారుతీగలోనే పొలుసులు అక్కడక్కడ మాత్రమే పెద్దవిగా ఉండే రకం ఒకటి ఉంది. దాన్ని చూసి ఏదో రోగమనుకుని పారేయకండి, అది అద్దాల కార్పు.

ఆ రంపపు ముల్లు వలకు చిక్కుకుంటే విడదీయడం పెద్ద తంటా. లాగితే తెగేది వలే.

ఐదో పని: పొలుసులు, పక్క గీత

మొప్పల నుంచి తోక దాకా ఒంటి మధ్యగా సాగే చుక్కల గీతే పక్క గీత. దాని మీది పొలుసులను తల నుంచి తోక మొదలు వరకు లెక్కించాలి. చెప్పినంత తేలిక కాదు. గుండుసూది మొనతో ఒక్కో పొలుసునూ తాకుతూ, పదికొకసారి గుర్తు పెట్టుకుంటూ వెళ్లాలి. బతికున్న చేప మీద ఈ పని వద్దు, ఫోటో మీద చేయండి.

బొచ్చె, శీలావతి, మోసు మూడింటికీ లెక్క నలభై పైచిలుకే. అందుకే అవి ఒకదానికొకటి పోలిక. అదే మోసుకు చిన్నచెల్లెల్లా కనిపించే సిర్రైనస్ రెబాకు 34 నుంచి 38. పొలుసుల వరుసల వెంట నీడలాంటి చారలు ఉంటాయి, వీపు రెక్కలో ఈనెలు ఎనిమిదే. అడుగు పొడవు పెరిగితే అదే గొప్ప. దీన్ని మోసుపిల్ల అనుకుని పెరుగుతుందని చెరువులో వదిలేవారున్నారు. అది ఎంతకూ పెరగదు.

బొచ్చెకూ వెండిచేపకూ తేడా చూడటానికి పొలుసు ఒక్కటే సరిపోతుంది. రెండింటికీ నోరు పైకే, తల పెద్దదే. బొచ్చె పొలుసులు పెద్దవి, విడివిడిగా లెక్కించగలిగినవి. వెండిచేప పొలుసులు నూకగింజల్లా చిన్నవి. దాని కళ్లు తలలో బాగా కిందికి దిగి ఉంటాయి, గొంతు కింది నుంచి ఆసనం దాకా పొట్ట అంచు కత్తిలా పదునుగా ఉంటుంది. అదే కుటుంబంలోని పెద్దతల కార్పుకు ఆ పదును పొట్ట రెక్కల వెనక నుంచి మాత్రమే మొదలవుతుంది, ఒంటి మీద మురికి మచ్చలుంటాయి.

గుర్తులు ఒకదానితో ఒకటి కలవకపోతే

తల బొచ్చెకన్నా చిన్నది, శీలావతికన్నా పెద్దది. పెదవి కాస్త దళసరి, కుచ్చు సగమే. ఇలాంటి చేప పడితే మీ చూపులో లోపం ఉందని అనుకోనక్కర్లేదు. హేచరీల్లో ఒకే తొట్టిలో వేర్వేరు జాతుల తల్లిచేపలను కలిపి గుడ్లు పెట్టిస్తే సంకరాలు పుడతాయి. బొచ్చె, శీలావతి సంకరం బాగా తెలిసినది. అలాంటివి నదిలో కలిస్తే స్థానిక జాతుల స్వచ్ఛత దెబ్బతింటుందన్నది మత్స్యశాస్త్రవేత్తల పాత ఆందోళన. బలవంతంగా ఏదో ఒక పేరు అంటగట్టడం కన్నా సంకరం కావచ్చు అని రాసుకోవడమే నిజాయతీ.

చేపపిల్లల దగ్గర ఈ పద్ధతి అంతగా పనిచేయదు. వేలెడు చేపకు పెదవి కుచ్చు, మీసం సరిగా ఏర్పడవు. తోక మొదట్లో నల్లచుక్క ఉన్న వేలెడు చేపలను కార్పు పిల్లలని చాలామంది అనుకుంటారు. వాటిలో చాలా భాగం పూర్తిగా పెరిగిన పరిగెలే. వీపు రెక్క మొదట్లో కూడా ఇంకో నల్లమచ్చ ఉండి మీసాలు లేకపోతే అది పరిగె అని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

పొలుసులు లేని చేపలు: ముందు జాగ్రత్త, తర్వాత పేరు

ఇంగిలాయి (హెటిరోప్న్యూస్టెస్ ఫాసిలిస్) చెంప రెక్క ముల్లులో విషం ఉంటుంది. గుచ్చుకుంటే మంట గంటల తరబడి ఉంటుంది. చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఉంచితే నొప్పి తగ్గుతుంది. వాపు పెరిగినా, ముల్లు లోపల విరిగినా వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. దీన్ని మార్పు (క్లేరియస్) అనుకుని చేత్తో పట్టడమే ప్రమాదానికి మూలం. ఇద్దరూ నల్లగా, నాలుగు జతల మీసాలతో బురదలో ఉండేవాళ్లే. దూరం నుంచి వీపు చూడండి. మార్పుకు వీపు రెక్క తల వెనక నుంచి తోక దాకా పొడవునా సాగుతుంది. ఇంగిలాయికి అది వేలిగోరంత చిన్నది, అడుగు రెక్క మాత్రం చాలా పొడవు.

మార్పులోనే మరో తగాదా ఉంది. నిషేధించిన ఆఫ్రికా మార్పు (క్లేరియస్ గేరిపినస్) వరదల వల్ల నదుల్లోకి చేరింది. మన మార్పు సాధారణంగా అరకిలోకు అటూ ఇటూ ఆగిపోతుంది. కిలోలకు కిలోలు తూగే మార్పు పడితే అనుమానించాలి. ఆఫ్రికా దానికి ఒంటి మీద బూడిద, నలుపు మరకలు పాలరాయిలా కలిసిపోయి ఉంటాయి. తలను వెల్లకిలా తిప్పితే ఇరువైపులా పొడవునా ఒక్కో నల్లని పట్టీ కనిపిస్తుంది. ఇది నిజంగా తిండిబోతు, ఇతర చేపల పిల్లలను మింగేస్తుంది. దీన్ని కేంద్ర ప్రభుత్వం పెంపకానికి 2000లో నిషేధించింది. గాలానికి పడితే తిరిగి నీటిలో వేయకూడదు, పక్క చెరువులో అసలు వదలకూడదు.

వాలుగ (వల్లగో అట్టు) పట్టడం అందరికీ సంబరం. గుర్తు తేలిక: నోటి చీలిక కన్ను దాటి వెనక్కి సాగుతుంది, నిండా పళ్లు. పై మీసాలు చాలా పొడవు, కింది జత పొట్టి. వీపు రెక్క చిన్నది, అడుగు రెక్క ఒంటి సగానికి మించి సాగుతుంది. నోటి దగ్గర వేళ్లు పెట్టకుండా గాలం తీయడానికి పట్టకారు వాడండి. దీన్ని పోలిన చిన్న చేపలు ఓంపాక్ జాతివి. వాటి నోటి చీలిక కంటి కన్నా ముందే ఆగిపోతుంది, మొప్పల వెనక నల్లమచ్చ ఉంటుంది. కిలో లోపు వాలుగపిల్ల అని అమ్మేవాటిలో ఇవి కలుస్తుంటాయి.

జెల్లలకు నాలుగు జతల మీసాలు, తోక ముందు కండలాంటి మెత్తని చిన్న రెక్క ఉంటాయి. వాలుగకు ఆ మెత్తని రెక్క లేదు. పెద్ద జెల్లలు రెండు. ఆ మెత్తని రెక్క వెనక చివర నల్లచుక్క రెండింటికీ ఉంది. తేడా మీసాల్లోనే. స్పెరాటా ఆవోర్ మీసాలు తోక దాకా వస్తాయి, స్పెరాటా సీంఘాలా మీసాలు నడుము దగ్గరే ఆగిపోతాయి, దాని ముట్టె పారలా చదునుగా ఉంటుంది. రెండింటి వీపు, చెంప ముళ్లూ పదునైనవే. తడి గుడ్డ చుట్టుకుని పట్టుకోండి.

కొరమీను కుటుంబం

ధరలో తేడా ఎక్కువ కాబట్టి ఇక్కడ పొరపాటు ఖరీదైనది. కొరమీను (చన్నా స్ట్రియేటా) తెలంగాణలో కొర్రమట్ట, ఆ రాష్ట్ర చేప కూడా. పక్కల్లో ముదురు పట్టీలు పొట్ట వైపుకు ఏటవాలుగా దిగుతాయి, కింది భాగం తెల్లన. పూమీను (చన్నా మారులియస్) దీనికన్నా పెద్దగా పెరుగుతుంది. పక్కల్లో పెద్ద ముదురు మచ్చల వరుస, వాటిలో ముత్యాల్లాంటి తెల్లచుక్కలు ఉంటాయి. చిన్న వయసులో తోక మొదట్లో నల్లని కన్ను గుర్తు, చుట్టూ నారింజ వలయం ఉంటాయి. వీపు రెక్క ఈనెలు కొరమీనుకు సుమారు నలభై, పూమీనుకు యాభై దాకా ఉంటాయి.

మట్టగిడస (చన్నా పంక్టేటా) అడుగు కూడా మించదు. వీపు రెక్క ఈనెలు ముప్ఫై చుట్టుపక్కలే, ఒళ్లు పొట్టిగా లావుగా ఉంటుంది, చుక్కలు చెల్లాచెదురుగా ఉంటాయి. కొరమీను పిల్లలని చెప్పి దీన్ని అమ్మడం బజారులో మామూలే. ఈ కుటుంబానికి బురద రంగును బట్టి నలుపు, ఆకుపచ్చ, గోధుమ ఛాయలు మారడం అలవాటు కనుక మచ్చల తీరు, ఈనెల లెక్క తప్ప మరేదీ నమ్మకండి. తల్లీతండ్రీ పిల్లలను కాపలా కాసే చేపలివి. నీటి పైన ఎర్రని చీమల గుంపులా పిల్లలు తేలుతున్న చోట గాలం వేయకుండా ఉంటే మంచిది. తల్లి పోతే ఆ గుంపు మొత్తం పోతుంది.

తిలాపియా, పులస గురించి రెండు ముక్కలు

తిలాపియాను గుర్తుపట్టడానికి పక్క గీత చాలు: అది మధ్యలో తెగి, వెనక భాగం కాస్త కిందికి దిగి మళ్లీ మొదలవుతుంది. తోక రెక్క మీద నిలువు చారలు వరుసగా ఉంటే నైలు రకం. లేకపోతే మొజాంబిక్ రకం కావచ్చు. సంకరాలు కూడా విస్తారం, ఇంతకుమించి సాగదీయను.

పులస (టెన్యువాలోసా ఇలిషా) గాలానికి పడే చేప కాదు, వలకు దొరికేది. గోదావరికి వరద వచ్చే కాలంలో సముద్రం నుంచి ఎదురెక్కుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డు వచ్చి పందొమ్మిదో శతాబ్దం నుంచే పైకి వెళ్లడం తగ్గింది. కొనేటప్పుడు చూడవలసినవి: పై దవడ మధ్యలో స్పష్టమైన నొక్కు, పొట్ట అంచున రంపపు పళ్లలాంటి పొలుసులు, పక్క వెంట పొలుసులు 45 అటూ ఇటూ. వీపు రెక్క చివరి ఈనె దారంలా సాగి ఉంటే అది పులస కాదు. సముద్రంలో పట్టిన అదే జాతి ఇలసను పులసగా అమ్మితే మాత్రం ఒంటి గుర్తులు చూసి విడదీయలేరు. జాతి ఒకటే, తేడా నీటిలో, నూనెలో, రుచిలో ఉంటుంది. అమ్మేవారు ఎక్కడ పట్టారో చెప్పే మాటనే నమ్మాలి, లేదా నమ్మకుండా ధర మాట్లాడాలి.

నోటు పుస్తకంలో ఏం రాయాలి

ప్రతి చేపకూ నాలుగు మాటలు రాసుకుంటే చాలు: పట్టిన చోటు, తేదీ, నోటి తీరు, మీసాల జతలు. పేరు చివర్లో రాయండి. సందేహం ఉంటే ప్రశ్నార్థకం పెట్టండి. రెండు మూడు రుతువుల తర్వాత మీ సొంత పట్టిక మీ నదికి సరిపోయేలా తయారవుతుంది. ముద్రించిన పుస్తకాల్లో మీ కాలువ చేపలు ఉండకపోవచ్చు.

గుర్తులు చూశాక కూడా తేలని చేపను చంపకుండా మూడు ఫోటోలూ తీసి వదిలేయండి. విదేశీ మార్పును మాత్రం వదలకండి. ఆ ఫోటోలు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో చూపించవచ్చు. అక్కడా తేలకపోతే దగ్గరి మత్స్య కళాశాలలో, లేదా మంచినీటి చేపల మీద పనిచేసే జాతీయ పరిశోధన సంస్థల్లో అడగవచ్చు. నోటి ఫోటో లేకుండా వెళ్తే వాళ్లూ మొదట అడిగేది అదే. వానాకాలంలో గుడ్లున్న చేపలు పైకి ఎక్కే రోజుల్లో మీ ప్రాంతంలో వేటకు విరామం ఉందేమో ముందే కనుక్కోండి. పేలుడు మందు, విషం వాడి చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం నుంచే నేరం. అలాంటివారు కనిపిస్తే ఆ మత్స్యశాఖ కార్యాలయానికే తెలియజేయండి.